ధనంబోడు శాసనం - నేను చదివిన తప్పు

మాది నందిగామ. హైదరాబాద్ బస్సెక్కిన ప్రతిసారీ జగ్గయ్యపేట మీదుగా వెళ్ళినవాణ్ణే. కానీ ఆ ఊరి పక్కన ధనంబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాకే. సిగ్గుపడాల్సిన విషయమే!

1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. స్తంభాల మీద ప్రాకృత శాసనాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం, అంటే క్రీ.శ. 3వ శతాబ్దం. నాకచందుడి కొడుకు సిద్ధార్థుడు, తల్లినీ భార్యాపిల్లల్నీ సోదరుడి కుటుంబాన్నీ కలుపుకుని, వేలగిరి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. సకల జీవుల మేలు కోసమట. అతను రాజు కాదు, మంత్రీ కాదు. చేతిపనివాడు.

అతని ఊరు కమ్మకరథంలో ఉందని కూడా రాసుంది. అది ఒక ప్రాంతం పేరు. కానీ నేను మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి. వెంటనే కులం గుర్తొచ్చింది. మా వైపు పెరిగినవాళ్ళకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కులం పేరే ఆ ప్రాంతం నుంచి వచ్చిందని చాలామంది చరిత్రకారులు అంటారు. నేను మాత్రం తిరగేసి చదివాను.

జర్మన్ తత్వవేత్త గాడమర్ 1960లో రాసిన 'సత్యం, పద్ధతి' పుస్తకంలో చెప్పింది ఇదే. ఖాళీ బుర్రతో ఎవరూ చదవలేరు. మనకి సంప్రదాయం ఇచ్చిన ముందస్తు అభిప్రాయాలతోనే మొదలుపెడతాం. పాఠం ఎదురు తిరిగినప్పుడు వాటిని దిద్దుకుంటాం. పాత కోడ్ చదివేటప్పుడు మనం చేసేదీ అదే కదా? రాసినవాడు వెళ్ళిపోయాడు, కామెంట్లు లేవు. ముందు ఒక ఊహ, తర్వాత దానికి సవరణ.

హాబర్‌మాస్ 1967లో దీన్ని సగం ఒప్పుకున్నాడు. సమాజాన్ని చదివేవాడు బయట నిలబడి కొలవలేడు, లోపలి భాషతోనే అర్థం చేసుకోవాలి అన్నాడు. విమర్శనాత్మక సామాజిక సిద్ధాంతానికి ఈ వ్యాఖ్యాన శాస్త్రం ఇచ్చిన ముఖ్యమైన సాయం అదే. కానీ అక్కడితో ఆగలేదు. ఆ భాషలోనే అధికారం దాక్కుని ఉంటే? అప్పుడు అర్థం చేసుకుంటే చాలదు, ప్రశ్నించాలి అన్నాడు. ప్రశ్నించేవాడు కూడా సంప్రదాయంలోనే నిలబడ్డాడు కదా అని గాడమర్ జవాబు.

నాకు ఇద్దరూ కావాలి. గాడమర్ లేకపోతే నా తప్పు నాకు దొరికేది కాదు. హాబర్‌మాస్ లేకపోతే "ఆ తప్పు నాకు అంత సులువుగా ఎందుకు తట్టింది?" అని అడిగేవాణ్ణి కాదు. ఆ రాళ్ళు గుట్ట మీదికి మోసినవాళ్ళ పేర్లు శాసనంలో లేవు కదా అని కూడా తట్టేది కాదు.

కృష్ణా జిల్లాలో ఉండే మా ఊళ్ళు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. రేపటివాళ్ళు ఆ పేరు చూసి మన గురించి ఏం చదువుకుంటారో!

ఈసారి అటు వెళ్తే ఒక గంట ఆగి గుట్ట చూడండి. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక పనివాడు తన ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ రాయించి, మేలు మాత్రం అందరికీ కోరాడు. మనం అందులో మన కులం ఒక్కటే వెతుక్కుంటే నష్టం అతనికి కాదు.