పదింటిదాకా పాట

తెలుగు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో గోవా ఎప్పుడూ ఒక ప్లాన్‌గానే ఉంటుంది. చాలాసార్లు ప్లాన్‌గానే మిగిలిపోతుంది కూడా. ‘ఈ నగరానికి ఏమైంది’ (2018)లో స్నేహితులు తాగిన మత్తులో అక్కడ తేలితే, మన కథే అన్నట్టు నవ్వుకున్నాం. ఆ ప్లాన్‌లో బీచ్ ఉంటుంది, బీరు ఉంటుంది, అద్దె స్కూటీ ఉంటుంది. ఇసుకలో బల్లలు వేసిన బార్‌లో ఓ మూల కూర్చుని గిటారు వాయించే మనిషి మాత్రం ఉండడు. ఆయన పాటికి ఆయన పాడుతుంటాడు, మన పాటికి మనం చేప ఫ్రై తింటుంటాం.

నాకు ఆయన మీద ఆసక్తి పుట్టించింది ఒక కాగితం. కోల్వా దగ్గర ఒక బార్‌లో పాడుతున్న పెద్దాయన ముందు స్టాండు మీద కొన్ని పేజీలున్నాయి. అయిదేసి గీతలు, వాటి మీద చుక్కలు, చుక్కలకు తోకలు. పాశ్చాత్య సంగీతపు స్టాఫ్ నొటేషన్. బీచ్ బార్‌లో పాడటానికి అంత చదువు అక్కర్లేదు, నాలుగు కార్డ్స్ వస్తే రాత్రి గడిచిపోతుంది. ఎక్కడ నేర్చుకున్నారని విరామంలో అడిగాను. “చర్చిలో. మా నాన్నా అక్కడే” అన్నాడు, గ్లాసులో నిమ్మకాయ పిండుకుంటూ.

గోవాలో పోర్చుగీసు పాలన 1510లో మొదలై 1961 డిసెంబరులో ముగిసింది. ఇన్‌క్విజిషన్ రోజుల్లో స్థానికుల పెళ్ళి పాటల మీద, ఆచారాల మీద నిషేధాలు పెట్టిన చర్చే, తన పూజకు కావలసిన పాట కోసం ఊరి పిల్లలకు సంగీతం నేర్పింది. ఒక చేత్తో పాట లాక్కుని ఇంకో చేత్తో వయొలిన్ ఇచ్చారన్నమాట. ఈ రెండో సగమే చెప్పి మురిసిపోయే వాళ్ళంటే నాకు చిరాకు, కానీ ఆ సగం కూడా నిజమే. చర్చిని అంటిపెట్టుకుని నడిచిన ఊరి బడుల్లో పిల్లలు అక్షరాలతో పాటే స్వరాలు చదవడం నేర్చుకునేవారు. నేర్పే ఆయన్ని ‘మెస్త్రె’ అనేవాళ్ళు. మన ‘మేస్త్రి’ ఆ పోర్చుగీసు మాటే. మన దగ్గరికొచ్చి గోడలు కట్టే మనిషయ్యాడు, అక్కడ బెత్తం పట్టుకుని తాళం తప్పకుండా చూసే మనిషిగా ఉండిపోయాడు.

సంగీతం వచ్చింది గానీ ఊళ్ళో తిండి గింజలు లేవు. గోవా జనం బొంబాయికి వలసపోయి, ధోబీ తలావ్ చుట్టుపక్కల ‘కూడ్’ అనే ఊరుమ్మడి గదుల్లో ఇరుక్కుని బతికారు. ఒక్కో ఊరికి ఒక్కో కూడ్. ఓడల్లో పనికి, వంటపనికి వెళ్ళినవాళ్ళతో పాటే వాయిద్యగాళ్ళూ ఆ గదుల్లోనే ట్రంకు పెట్టె పెట్టుకున్నారు. కాగితం చూసి వాయించగలిగేవాడికి పని దొరికేది: సైనిక బ్యాండులో, సంస్థానాల్లో, మూకీ సినిమా హాల్లో, 1930ల నుంచి పెద్ద హోటళ్ళ జాజ్ బ్యాండుల్లో. అల్దోనా నుంచి వచ్చిన ఆంటోనియో షావియర్ వాజ్ ట్రంపెట్ ఊదుతుంటే జనం ‘ఇండియా ఆర్మ్‌స్ట్రాంగ్’ అన్నారు. వేదిక మీద ఆయన పేరు చిక్ చాకొలెట్.

అసలు కథ సినిమా స్టూడియోలో ఉంది. సంగీత దర్శకుడు హార్మోనియం మీద ఒక బాణీ వినిపిస్తాడు. అది అరవై మంది వాయించే పాట కావాలి. ఏ వయొలిన్ ఏ స్వరం పలకాలి, ట్రంపెట్ ఎక్కడ లేవాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి, ఇదంతా ఎవరో కూర్చుని కాగితం మీద రాయాలి. ఆ ‘ఎవరో’ చాలాసార్లు గోవా మనిషి. శంకర్-జైకిషన్‌కు సెబాస్టియన్ డిసౌజా ఏళ్ళ తరబడి ఆ పని చేశాడు. సి. రామచంద్రకు చిక్ చాకొలెట్ సహాయకుడు; ‘అల్బేలా’ (1951)లో ఆయన తెర మీద కూడా కనిపిస్తాడు. అదే అదృష్టం. మిగతావాళ్ళకు టైటిల్స్‌లో ‘అసిస్టెంట్’ అన్న ముక్క దక్కితే గొప్ప. అది కూడా లేకుండా ఆ రోజు కూలి తీసుకుని కూడ్‌కి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. మజోర్డా గ్రామానికి చెందిన వయొలిన్ గురువు ఆంథొనీ గొన్సాల్వెస్ పేరు మనందరికీ నోటికొచ్చు. ‘అమర్ అక్బర్ ఆంథొనీ’ (1977)లో అమితాబ్ గుడ్డులోంచి బయటికొచ్చి చెప్పే పేరు ఆయనదే. శిష్యుడు ప్యారేలాల్ చెల్లించుకున్న గురుదక్షిణ అది. ఆ పేరుతో నిజంగా ఒక మనిషున్నాడని ఎంతమందికి తెలుసు? ఆయన 2012లో చనిపోయాడు.

కొంకణి పాటకూ ఇదే బ్యాండు రక్తం ఎక్కింది. క్రిస్ పెర్రీ ట్రంపెట్, లోర్నా గొంతు కలిసి 1960ల చివర, 70ల మొదట్లో జాజ్‌ని కొంకణిలో మాట్లాడించాయి. తర్వాత లోర్నా పాడటం ఆపేసింది. మళ్ళీ మైకు ముందుకొచ్చింది 1995లో. వీళ్ళ జీవితాలను తలపించే కథతో బర్ద్రోయ్ బరెట్టో తీసిన ‘నాచొంయా కుంపసార్’ ఆ కాలం పాటల మీదే నడుస్తుంది. దొరికితే చూడండి.

మరి ఇదంతా బీచ్‌కి ఎప్పుడొచ్చింది? పాత గోవాలో ఊరివాళ్ళు తాగింది ఊళ్ళోని చిన్న తవెర్నాలో, జీడిమామిడి ఫెనీ. సముద్రపు ఒడ్డు జాలర్లది. 1960ల మధ్య నుంచి అంజునాకు హిప్పీలు వచ్చి, గిటార్లతో పౌర్ణమి రాత్రుళ్ళు మొదలుపెట్టారు. గోవా గిల్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో కుర్రాడు మొదట అక్కడ వాయిద్యమే వాయించాడు, 80లలో టేపులకు మారాడు, అదే పెరిగి గోవా ట్రాన్స్ అయింది. ప్రపంచానికి తెలిసిన ‘గోవా సంగీతం’ ఇదీ. మెస్త్రె దగ్గర నేర్చుకున్నవాడికి ఇందులో చోటు లేదు. అతనికి చోటిచ్చింది 1980ల చివర్లో చార్టర్ విమానాల్లో దిగిన యూరప్ మధ్యతరగతి, వాళ్ళ కోసం వెదురుతో, తాటాకుతో వేసిన షాక్‌లు. వాన రాకముందే ఆ షాక్‌లు విప్పేయాలి. కాబట్టి పాట కూడా అక్టోబరు నుంచి మే వరకు చేసే సీజన్ పని. మిగతా నెలల్లో పెళ్ళిళ్ళు, చర్చి పండగలు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. మంచిదే, పక్కన ఊరుంది, పసిపిల్లలున్నారు. పదింటికి బయటి మైకు ఆగిపోతుంది, నాలుగు గోడలూ సౌండ్‌ప్రూఫూ ఉన్న క్లబ్బులో డీజే అప్పుడే మొదలవుతాడు. గోడల్లేని చోట పాడేవాడికి సాయంత్రం ఏడు నుంచి పది, ఆ మూడు గంటలే బేరం.

ఇప్పుడు చాలాచోట్ల నలుగురి బ్యాండుకు ఇచ్చేంత డబ్బు లేక ఒక్కడే వస్తున్నాడు, గిటారూ ల్యాప్‌టాపూ పట్టుకుని. డ్రమ్స్, బేస్, ట్రంపెట్ అన్నీ ఫైల్లోంచి వస్తాయి. ఏదో బల్ల దగ్గర్నుంచి పాత హిందీ పాట అడుగుతారు. అతను ఫైలు వెతికి నొక్కుతాడు. మొదటి చరణానికి ముందు వచ్చే ఆ ట్రంపెట్ ముక్కను ఒకప్పుడు బొంబాయి స్టూడియోలో కాగితం చూసి ఊదినవాడు, బహుశా అతని ఊరివాడే.