పైడి జయరాజుగారు - మూగచిత్రముల నాటి మన నటుడు

తెలుగువారి చలనచిత్ర చరిత్రమును వ్రాయువారు సాధారణముగ 1921వ సంవత్సరముతో నారంభింతురు. ఆ యేట చెన్నపట్టణమున రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుడు ప్రకాశుగారును 'భీష్మప్రతిజ్ఞ' యను మూగచిత్రమును నిర్మించిరి. అటుపిమ్మట చరిత్రకారులు 1932లో వెలువడిన 'భక్తప్రహ్లాద' టాకీకి వత్తురు. ఈ రెంటి నడుమ నిజాము రాజ్యమునుండి బొంబాయికి పోయి నాయకపాత్రలు ధరించిన యొక తెలుగు యువకుని కథకు అందు తగిన తావు దొరకుట లేదు. ఆయన కృషి ఇంచుమించుగ నంతయు హిందీ చిత్రములలో సాగుటయే దీనికి కారణము. ఈ కారణము న్యాయమైనదేనా యని మనము విచారింపవలసియున్నది.

పైడి జయరాజుగారు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించిరి. సరోజినీ నాయుడుగారి కుటుంబమునకు బంధువులు. హైదరాబాదునందలి నిజాం కళాశాలలో చదివిరి. అట్టి యింటి బాలుడు సర్కారు కొలువునో, వకీలు వృత్తినో చేపట్టునని లోకము తలచుట సహజము. వేషము గట్టుట గౌరవముగల కుటుంబములకు తగదని యెంచిన దినములవి. నాటకమునే చిన్నచూపు చూచిన సంఘము, క్రొత్తగా వచ్చిన సినిమాను మన్నించునా?

హైదరాబాదునందు చిత్రనిర్మాణమునకు యత్నము జరుగకపోలేదు. 1922లో వంగదేశీయుడైన ధీరేంద్రనాథ గంగూలీగారు ఇచ్చట లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి కొన్ని చిత్రములు తీసిరి. కాని 1924లో 'రజియా బేగం' అను చిత్రమును ప్రదర్శించినందున నిజాము ప్రభువు ఆగ్రహమునకు గురియై నగరమును విడువవలసివచ్చెను. ఆ విధముగ మొలకెత్తిన పరిశ్రమ మొదటనే వాడిపోయెను. చిత్రములందు నటింపగోరిన యువకునకు బొంబాయియే శరణ్యమయ్యెను. 1929లో జయరాజుగారు అచ్చట 'జగ్‌మగ్‌తీ జవానీ' యను మూగచిత్రముతో రంగప్రవేశము చేసిరి. 'రసీలీ రాణి' మున్నగు చిత్రములలోను నటించిరి.

మూగచిత్రమునకు భాష లేదు. కథను తెలుపు మాటలను పలకలపై వ్రాసి నడుమ నడుమ చూపెడివారు. ఒకే చిత్రమునకు గుజరాతీలోను, హిందీలోను, ఉర్దూలోను, ఇంగ్లీషులోను పలకలుండెడివి. నటునకు కావలసినది దేహబలము, ముఖకవళికలు, గుఱ్ఱపు స్వారి, కత్తిసాము. పశ్చిమ దేశములందు డగ్లసు ఫెయిర్‌బాంక్సు, టాం మిక్సు వంటివారు ఈ విద్యలచేతనే ప్రసిద్ధికెక్కిరి. ఫెయిర్‌బాంక్సు నటించిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' మన దేశమునను మిక్కిలి జనాదరణ పొందెను. దృఢకాయుడైన కరీంనగరపు యువకుడు తన మాతృభాష యేదని యెవ్వరును అడుగకయే ఆ తెరపై నిలువగలిగెను.

1931 మార్చి 14వ తేదీన బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలతో తెర మాటలాడసాగెను. ఇంతవఱకు ముఖముతో మెప్పించినవారికి ఇక నాలుకతోను మెప్పింపవలసిన యగత్యము గలిగెను. ప్రసిద్ధనటియగు సులోచన సయితము టాకీలకై హిందుస్తానీ నేర్చుకొనవలసివచ్చెను. అనేకులు మరుగునపడిరి. జయరాజుగారు నిలిచిరి. ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, కళాశాలలో ఇంగ్లీషు వినుచు పెరిగిన హైదరాబాదు విద్యార్థికి ఈ పరీక్ష దుర్లంఘ్యము కాలేదు. ఏ మిశ్రభాషా వాతావరణమును మనవారు కొందరు లోపముగ నెంచుదురో, అదియే ఆయనకు అన్నము పెట్టినది.

1938లో బాంబే టాకీసువారి 'భాభీ'లోను, 1943లో దేవికారాణితో 'హమారీ బాత్'లోను ఆయన నాయకుడు. 1945లో దిలీప్‌కుమార్ నాయకుడుగా 'ప్రతిమ' చిత్రమునకు దర్శకత్వము వహించిరి. 1957లో 'అమరసింగ్ రాథోడ్', 1959లో 'టిప్పు సుల్తాన్', 1960లో 'వీర దుర్గాదాస్'గా తెరపై చరిత్రపురుషులకు రూపమిచ్చిరి. వయసు మళ్లిన పిదప చిన్నపాత్రలను తిరస్కరింపలేదు. 1975 నాటి 'షోలే'లో పోలీసు అధికారిగ క్షణకాలము కన్పట్టు పెద్దమనిషి ఆయనయే. 1980వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము ఆయనకు లభించెను. తెలుగువారిలో బి.ఎన్. రెడ్డిగారి తరువాత దానిని పొందినవారు వీరే. 2000 ఆగస్టు 11వ తేదీన బొంబాయిలో దివంగతులైరి.

మన దేశమున 1300లకు పైబడి మూగచిత్రములు నిర్మింపబడగా, నేడు మిగిలినవి మిక్కిలి స్వల్పము. 'భీష్మప్రతిజ్ఞ'యే మనకు దక్కలేదు. ఆ ఫిలిము సులభముగ నంటుకొనునది, త్వరగా చివుకునది. దానిని భద్రపరుపవలెనను బుద్ధియు నాడు లేకపోయెను. సినిమా తుచ్ఛవినోదమను భావమే ఈ నష్టమునకు మూలము. సంఘము గౌరవింపని దానిని సంఘము దాచుకొనదు.

నేడు దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు వఱకు వ్యాపించిన శిక్షణాలయములకు, వసతిగృహములకు కరీంనగరము మొదలగు జిల్లాలనుండి వేలకొలది యువతీయువకులు వచ్చుచున్నారు. కోణార్క్, వెంకటాద్రి వంటి చిత్రశాలల పేర్లతోనే ఆ ప్రాంతమును గుర్తుపట్టువారు అనేకులు. వారిలో తమ జిల్లావాడొకడు తొంబది యేండ్లకు పూర్వమే బొంబాయి తెరనేలెనని యెరిగినవారెందరు? ఎల్.బి. నగరున మెట్రోబండి నెక్కినవారు బండి మారకయే లకడీకాపూల్ చేరవచ్చును. ఆ చేరువనే రవీంద్రభారతిలో పైడి జయరాజుగారి పేరిట నొక చిన్న ప్రదర్శనశాల గలదు. ప్రభుత్వము చేసిన ఈ పని మెచ్చదగినదే. కాని గోడపై పేరుండుట వేరు, ఇంటిలో కథ యుండుట వేరు.

కావున తలిదండ్రులు రెండు విషయములు గమనింతురుగాక. తెలుగులో నటింపలేదని తెలుగువానిని పరాయివానిగ జూచుట మాతృభాషాభిమానము కాదు. పిల్లవాడు కళకై దారి మార్చుకొన్నంతమాత్రమున వాడు చెడిపోయినట్లును కాదు. ఏబది యేండ్లకు మించి వినయముతో, శ్రమతో ఒకే వృత్తిని కొలిచిన జయరాజుగారి జీవితమే ఇందుకు తార్కాణము.