అయిదు డాలర్ల కూలి, కారు విడిభాగాల కథ

మిషిగన్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో శనివారం విందు జరిగితే, భోజనాలయ్యాక మగవాళ్ళంతా బేస్‌మెంటులో చేరి మాట్లాడుకునేవి రెండే విషయాలు: ఒకటి మన రాజకీయాలు, రెండోది కార్ల కంపెనీలు. మనలో సగంమందికి అన్నం పెడుతున్నది ఏదో ఒక విధంగా ఈ కార్లే కదా! మొన్నామధ్య అలాంటి విందులో ఒక డాక్టరు మిత్రుడు నన్ను పట్టుకుని, "ఏమండీ, ఇంతింత జీతాలిచ్చి ఇక్కడ విడిభాగాలు చేయించడం ఎందుకు? అన్నీ మెక్సికోలోనో మన దేశంలోనో చేయిస్తే పోలా?" అని అడిగారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నా, ఒక్కమాటలో జవాబు చెప్పలేకపోయాను. సావనీరుకు వ్యాసం అడిగినప్పుడు ఆ బాకీ గుర్తొచ్చింది.

ఇక్కడి జీతాలు యూనియన్ల వల్లే పెరిగాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదలుపెట్టింది యజమాని. 1913లో హెన్రీ ఫోర్డు హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. పొద్దస్తమానం ఒకే బోల్టు బిగించే పని మనుషులు భరించలేకపోయారు. చేరినవాళ్ళు చేరినట్టే మానేసేవారు. ఆ ఏడాది సుమారు 14,000 మందిని పనిలో నిలబెట్టడానికి 50,000 మందికి పైగా కొత్తవాళ్ళను చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరి 5న ఫోర్డు కంపెనీ రోజుకు అయిదు డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అంతకుముందు తొమ్మిది గంటల పనికి 2.34 డాలర్లు. ఇక మీదట ఎనిమిది గంటలకే అయిదు!

ఇందులో దానధర్మమేమీ లేదు. ఆ అయిదులో దాదాపు సగం లాభాల్లో వాటా పేరుతో ఇచ్చేవారు. ఆ వాటా దక్కాలంటే పనివాడు తాగకూడదు, ఇల్లు శుభ్రంగా పెట్టుకోవాలి. అది చూడడానికి కంపెనీ మనుషులు ఇంటికే వచ్చేవారు. (కొత్త కోడలి వంటింటిని అత్తగారు కూడా అంతగా తనిఖీ చెయ్యరేమో!) ఏమైతేనేం, జనం పనిలో నిలిచారు, చెయ్యి తిరిగింది. 1908లో 850 డాలర్లున్న మోడల్ టి కారు 1920ల మధ్యకల్లా 300 డాలర్ల లోపుకు దిగింది. దానికి అసలు కారణం లైనూ, లెక్కకు మించిన ఉత్పత్తీ అయినా, జీతం పెరిగితే సరుకు ధర పెరిగి తీరుతుందన్న సూత్రం ఇక్కడ పనిచెయ్యలేదు.

విడిభాగం బలమెంతో లోకానికి తెలిసింది ఫ్లింట్ ఊళ్ళో. 1936 డిసెంబరు 30న జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు పని ఆపి, బయటికి రాకుండా లోపలే కూర్చున్నారు. యూనియన్ ఆ చోటే ఎందుకు పట్టుకుంది? కారు ఒంటి రేకును వత్తే ముఖ్యమైన అచ్చులు, అంటే మేము 'డై'లు అనేవి, అక్కడ ఉన్నాయి గనుక. అచ్చు లేకపోతే రేకు లేదు, రేకు లేకపోతే కారు లేదు. 44 రోజుల తరువాత, 1937 ఫిబ్రవరి 11న కంపెనీ యూనియన్‌ను గుర్తించింది. 1950 ఒప్పందంతో పింఛనూ వచ్చింది, ధరలతోపాటు జీతమూ పెరగడం ఖాయమయింది. అప్పట్లో పోటీ లేదు గనుక ఆ ఖర్చంతా కారు కొనేవాడి మీదికే పోయింది.

పోటీ వచ్చాక లెక్క మారింది. 1965లో మెక్సికో తన సరిహద్దు ఊళ్ళలో ఎగుమతి ఫ్యాక్టరీలకు దారి తెరిచింది. అమెరికా నుంచి ముందుగా వెళ్ళిపోయిన వాటిలో వైరింగ్ హార్నెస్ ఒకటి. ఒహాయో రాష్ట్రం వారెన్‌లోని ప్యాకర్డ్ ఎలక్ట్రిక్ ఈ పనికి పేరుమోసిన కంపెనీ. అదీ 1970ల చివర్లో సరిహద్దు దాటింది. హార్నెస్ చూసినవాళ్ళకు కారణం వెంటనే అర్థమవుతుంది. వందల తీగలు, ఒక పెద్ద బల్ల, వాటిని వేళ్ళతో పరిచి టేపు చుట్టే మనుషులు. జడ అల్లడం లాంటి పని. మరమనిషికి ఈనాటికీ సరిగ్గా చేతకాదు. ఖర్చులో పెద్దభాగం కూలే అయినప్పుడు, కూలి తక్కువున్న చోటికి పోక ఏమవుతుంది?

అన్ని భాగాలూ అలా కావు. కారు సీటు సంగతి చూడండి. లోపలంతా గాలే, లారీ నిండా గాలి మోసినట్టుంటుంది. పైగా ఏ కారుకు ఏ రంగు సీటో ఆ వరసలోనే గంటల వ్యవధిలో అందాలి. అందుకే సీట్ల ఫ్యాక్టరీ కారు ఫ్యాక్టరీ పక్కనే ఉంటుంది. 2019లో కియా వారు పెనుకొండ దగ్గర కార్ల తయారీ మొదలుపెట్టినప్పుడు విడిభాగాల కంపెనీలు కొన్ని వెంట వచ్చి ఆ చుట్టుపక్కలే వెలిశాయి. అక్కడా ఇదే లెక్క. ఇక ట్రాన్స్‌మిషన్‌లో గేరు చక్రాన్ని కోసేది కోట్ల ఖరీదు చేసే యంత్రం. పక్కన నిలబడేవాడి జీతం ఆ ఖర్చులో కొద్దిపాటిదే. ఆ యంత్రం ఆగిపోతే నష్టమెంతో తెలిసినవాడు అక్కడ ఉండడం ముఖ్యం.

లోటు కూడా అంత పెద్దదే. 1996 మార్చిలో డేటన్‌లోని రెండు బ్రేకుల ఫ్యాక్టరీల్లో సుమారు 3,000 మంది, పని బయటి కంపెనీలకు పోతోందని సమ్మె చేశారు. గోదాముల్లో నిలవ సరుకు ఉంచుకోకపోవడం అప్పటికి గొప్ప పద్ధతి. దాంతో 17 రోజుల్లో ఉత్తర అమెరికా అంతటా జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడి, లక్షన్నర మందికి పైగా ఇళ్ళలో కూర్చున్నారు. 1998లో మళ్ళీ ఫ్లింట్. ఈసారి కంపెనీయే ముందు జాగ్రత్తగా, సెలవులు చూసుకుని ఫ్యాక్టరీలోంచి అచ్చులు కొన్నింటిని తరలించింది. దానిమీద రేగిన సమ్మె 54 రోజులు సాగి కంపెనీకి 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. మరుసటి ఏడాదే విడిభాగాల విభాగాన్ని డెల్ఫై పేరుతో వేరుచేశారు. ఆ డెల్ఫై 2005 అక్టోబరులో దివాలా కోర్టుకెక్కింది. గంటకు సుమారు 27 డాలర్లు తెచ్చుకుంటున్నవాళ్ళను 10, 12 డాలర్లకు దిగమన్నారు. ఆ రోజుల్లో అప్పు మీద ఇల్లు కొనుక్కున్న మా పొరుగాయన ముఖం నాకింకా గుర్తే.

ఇక నా సంగతి. అప్పట్లో నేనో చిన్న విడిభాగాల కంపెనీలో ఇంజనీరుని. తలుపు గొళ్ళేలు చేసేవాళ్ళం. ఆ లైనును మెక్సికోకు మారిస్తే ఎంత మిగులుతుందో లెక్క కట్టమన్నారు. కట్టాను. జీతాలు, లారీ బాడుగ, దారిలో ఉండే సరుకు మీద వడ్డీ అన్నీ వేశాను. ముక్కకు 30 సెంట్లు మిగులుతాయని తేలింది. మా టూల్‌రూమ్‌లో అచ్చులు సానబట్టే పెద్దాయన ఒకరుండేవారు. రేకు అంచు మీద గోరు ఆనించి, అచ్చు ఇంకెన్ని వేల ముక్కలకు పనికొస్తుందో చెప్పేవారు. ఆయన నా కాగితం చూసి కోప్పడలేదు. "డై మొద్దుబారితే బాగుచేసేదెవరని రాశావు?" అన్నారు, అంతే. ఆ గడిలో నేను ఇక్కడి ఖర్చే వేసి ఊరుకున్నాను.

లైను వెళ్ళింది. ఆయనతోపాటు నలభైమంది పనీ వెళ్ళింది. ఆరు నెలలకు రేకు అంచున పొర లేచి, గొళ్ళేలు పట్టేయడం మొదలైంది. అక్కడి కుర్రాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, నేర్పగలవాణ్ణి మేమే ఇంటికి పంపేశాం. కారు ఫ్యాక్టరీ లైను ఆగకుండా ఉండాలని పెట్టెలను విమానంలో తెప్పించాం, మనుషుల్ని పెట్టి ఒక్కొక్క ముక్కనూ ఏరించాం. ఆ ఏడాది 30 సెంట్లు ఎటుపోయాయో! రెండేళ్ళకు అక్కడివాళ్ళు పని బాగానే నేర్చుకున్నారు, లెక్క మళ్ళీ నా కాగితం దగ్గరికే వచ్చింది. అది కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది.

2020 జులైలో అమలులోకొచ్చిన కొత్త ఉత్తర అమెరికా ఒప్పందం, సుంకం లేకుండా అమ్మాలంటే కారు విలువలో 40 శాతం గంటకు కనీసం 16 డాలర్లు వచ్చే పనివాళ్ళ చేతిమీదుగా రావాలంటుంది. ఫోర్డు తన అవసరం కొద్దీ చేసినదాన్ని ఇప్పుడు చట్టం చేయించాలని చూస్తోందన్నమాట.

డాక్టరుగారికి చెప్పవలసింది ఒకటి మిగిలింది. ఆ మొదటి ఏడాది అచ్చులు ఇక్కడికే మరమ్మతుకు వచ్చేవి. మా ఊరి చివర ఒక చిన్న వర్క్‌షాపుకు పంపేవాళ్ళం. ఒకసారి నేనే వ్యానులో పట్టుకెళ్ళాను. లోపల సానరాయి దగ్గర నిలబడివున్నది మా పెద్దాయనే. అచ్చు అంచు మీద గోరు ఆనించి చూసి, "మూడు రోజులు పడుతుంది" అన్నారు. బిల్లు చూస్తే, గంటకు మేమిదివరకు ఆయనకిచ్చిన జీతానికి రెట్టింపు పైనే ఉంది. సంతకం పెట్టి వచ్చాను.