వైశాఖి

పంజాబులో గోధుమ చేలు కోతకొచ్చే వేళ, ఏటా ఏప్రిల్ 13న గానీ 14న గానీ సిక్కులు జరుపుకునే పండుగ వైశాఖి. బైసాఖీ, విసాఖీ అని కూడా అంటారు. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే ఈ రోజుతో అక్కడి సౌరమానంలో వైశాఖ మాసం మొదలవుతుంది. తెలుగువారు పాటించేది చాంద్రమానం కాబట్టి మన వైశాఖం వేరే రోజున వస్తుంది. తమిళుల పుత్తాండు, కేరళ విషు, బెంగాలీల కొత్త సంవత్సరం, అస్సాం బిహు ఈ మేష సంక్రమణం చుట్టూ వచ్చే పండుగలే.

పంట పండుగగా ఇది సిక్కు మతం కన్నా పాతది. దీన్ని తమ అనుయాయులంతా ఒకచోట కూడే రోజుగా మలిచినవారు సిక్కు గురువులు. ఆ తరవాత వైశాఖి చరిత్రలో జరిగిన పెద్ద ఘటనల్లో చాలావాటికి ఆ కూడికే మూలం. మూడో గురువు అమర్ దాస్ (గురుత్వ కాలం 1552–1574) బియాస్ నది ఒడ్డున ఉన్న గోయింద్వాల్‌కు వైశాఖికీ దీపావళికీ రమ్మని సిక్కులను పిలిచారు. అక్కడ 84 మెట్ల దిగుడు బావి తవ్వించారు. గురు దర్శనానికి ముందు అందరూ ఒకే పంక్తిలో కూర్చుని లంగరు అనే సామూహిక భోజనశాలలో భోంచేయాలన్నది నియమం. రైతు చేతికి గింజ అందే వేళ కాబట్టి తమ రాబడిలో పదో వంతు అయిన దస్వంధ్ సమర్పించడానికీ ఈ రోజు అనువుగా ఉండేది. కాలక్రమంలో ఆ సొమ్ము వసూలు చేసే మసందులు గురువుకూ జనానికీ మధ్య అడ్డుగోడగా తయారయ్యారు. పదో గురువు గోవింద్ ఆ వ్యవస్థను రద్దు చేశారు.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో జరిగిన సంఘటన పండుగ అర్థాన్నే మార్చింది. నాటి క్యాలెండర్ లెక్కలో అది మార్చి నెలాఖరు. సంప్రదాయ కథనం ప్రకారం, గురువు దూసిన కత్తితో సభ ముందుకొచ్చి, ఎవరైనా తల ఇస్తారా అని అడిగారు. ఒకరి వెనక ఒకరుగా ఐదుగురు లేచారు: లాహోర్ ఖత్రీ దయా రామ్, హస్తినాపురపు జాట్ ధరమ్ దాస్, పూరీ నుంచి వచ్చిన నీళ్లు మోసే హిమ్మత్ రాయ్, ద్వారకకు చెందిన అద్దకపు పనివాడు మొహ్కం చంద్, బీదర్ మంగలి సాహిబ్ చంద్. వీరే పంజ్ ప్యారే (ప్రియమైన ఐదుగురు). ఇనుప పాత్రలో నీళ్లు పోసి, ఖండా అనే రెండంచుల కత్తితో కలుపుతూ, వాణి పఠిస్తూ సిద్ధం చేసిన అమృతాన్ని గురువు వారికిచ్చారు. అందులో గురువు భార్య మాతా జీతో బతాసాలు (చక్కెర బిళ్లలు) కలిపారంటారు. అంతటితో ఆగక, తానే చేతులు జోడించి ఆ ఐదుగురి దగ్గర అదే దీక్ష తీసుకున్నారు. గోవింద్ రాయ్ గోవింద్ సింగ్ అయ్యారు. గురువు శిష్యుల ముందు శిష్యుడై నిలవడం వైశాఖి మొత్తంలో అత్యంత విప్లవాత్మకమైన ఘట్టం. దీక్ష తీసుకున్న సిక్కుల సమూహమైన ఖాల్సా అలా పుట్టింది. పురుషులకు సింగ్, స్త్రీలకు కౌర్ అనే పేర్లు, కేశ్ (కత్తిరించని జుట్టు), కంఘా (దువ్వెన), కడా (కంకణం), కఛేరా (లోదుస్తు), కృపాణ్ (కత్తి) అనే పంచ కకారాలు దాని గుర్తులు.

గురువుల తరవాత వైశాఖి సభే నిర్ణయాధికారం తీసుకుంది. 18వ శతాబ్దంలో మొఘలుల వేటకు అడవులు పట్టిన సిక్కు దళాలు వైశాఖికీ దీపావళికీ అమృత్‌సర్ చేరి సర్బత్ ఖాల్సాగా సమావేశమయ్యేవి. చెదిరిన ఆ జత్థాలు (దళాలు) దల్ ఖాల్సాగా ఏకమైంది 1748 వైశాఖి నాడే. 1801లో రంజిత్ సింగ్ పంజాబు మహారాజుగా ప్రకటించుకున్నదీ వైశాఖికే. అయితే ఆయన హయాంలోనే, 1805 తరవాత, సర్బత్ ఖాల్సా ఆగిపోయింది.

వైశాఖి నాడే, 1919 ఏప్రిల్ 13న, రౌలట్ చట్టంపైనా, నాయకులు సైఫుద్దీన్ కిచ్లూ, సత్యపాల్ నిర్బంధంపైనా నిరసన తెలపడానికి అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో సభ జరిగింది. పండుగకని పల్లెల నుంచి నగరానికి వచ్చినవారూ ఆ తోటలో ఉన్నారు. జనరల్ డయ్యర్ బలగాలు 1,650 తూటాలు పేల్చాయి. ప్రభుత్వ లెక్కలో మృతులు 379 మంది; వెయ్యికి పైనే అని కాంగ్రెస్ అంచనా.

పండుగ నాడు గురుద్వారాల్లో నిశాన్ సాహిబ్ జెండా స్తంభాన్ని పాలతో, నీళ్లతో కడిగి కొత్త వస్త్రం చుడతారు. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌ను 48 గంటలపాటు ఎడతెగక చదివే అఖండ పాఠం ముగుస్తుంది. నగర కీర్తనలో పంజ్ ప్యారేల వేషంలో ఐదుగురు ముందు నడవగా, గురు గ్రంథ్ సాహిబ్ పల్లకిలో ఊరేగుతుంది. దీక్ష కోరేవారికి అమృత సంచారం జరుగుతుంది. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో కలిపి చేసే కడా ప్రసాదం పంచుతారు. తల్వండీ సాబోలోని దమ్‌దమా సాహిబ్‌లో పెద్ద మేళా జరుగుతుంది. కోత యంత్రాలొచ్చాక ఢోల్ మోతల మధ్య కలిసి కొడవలి పట్టే అలవాటు చాలావరకు పోయినా, భాంగ్రా, గిద్దా నృత్యాలు మాత్రం నిలిచాయి.

వైశాఖి పంజాబుకే పరిమితం కాలేదు. గోవింద్ సింగ్ 1708లో గోదావరి ఒడ్డున నాందేడులో తనువు చాలించారు. 1956 వరకు ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. రంజిత్ సింగ్ కాలంలో నిజాం రాజ్యానికి వచ్చిన సిక్కు సైనికుల వారసులు దఖనీ సిక్కులుగా అక్కడే స్థిరపడ్డారు. హైదరాబాదు అత్తాపూర్ ప్రాంతంలోని సిఖ్ ఛావనీ వారిదే. నగరంలో ఏటా వైశాఖి దీవాన్ (ప్రార్థన సభ), లంగరు జరుగుతాయి. దేశ విభజనతో పాకిస్తాన్‌లో ఉండిపోయిన హసన్ అబ్దాల్ పట్టణపు పంజా సాహిబ్ గురుద్వారా‌లో వైశాఖి చేసుకోవడానికి 1974 నాటి భారత్-పాకిస్తాన్ ఒప్పందం కింద భారత యాత్రికులు జత్థాలుగా వెళ్తుంటారు. రెండు దేశాల మధ్య సంబంధాలు చెడినప్పుడల్లా ఆ యాత్రకు ఆటంకం కలుగుతూ ఉంటుంది.