చల్ల, అంబలి, పెరడు: తెలుగు కావ్యాల్లోని వేసవి ఆహారం – గోపన్‌పల్లి పరిసరాల నేపథ్యం

ఉపోద్ఘాతం

తెలుగువారి ఆహార చరిత్రకు కావ్యాలు ప్రధానమైన ఆధారాలు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాల కంటే జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్న ప్రశ్నలకు పెద్దపీట వేశారు. వాటికి సమాధానాలను ఎక్కువగా కావ్యాల నుంచే రాబట్టారు. 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ తరువాత కావ్యాల్లోని వంటకాల పట్టికలు ఎన్నో పరిశోధనలకు ముడిసరుకయ్యాయి.

అయితే పట్టికలను సేకరించడంతో చరిత్ర పూర్తికాదు. ఒక వంటకాన్ని ఎవరు, ఏ ఋతువులో, ఏ స్థితిలో తిన్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నేడు ‘ప్రకృతి ఆహారం’, ‘సంప్రదాయ ఆహారం’ అన్న పేర్లతో అంబలి, చిరుధాన్యాలు, పెరటి కూరలు మళ్లీ ఆదరణ పొందుతున్నాయి. వాటికి ప్రాచీన సాహిత్యాన్ని సాక్ష్యంగా చూపడమూ పరిపాటి అయింది. ఆ సాక్ష్యం నిజంగా ఏమి చెబుతోందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు పశ్చిమాన ఐటీ సంస్థల మధ్య ఉన్న గోపన్‌పల్లి పరిసరాలను ఈ పరిశీలనకు నేపథ్యంగా తీసుకోవడమైనది. పల్లె ఆహారం, నగర ఆహారం ఒక తరం కాలంలోనే ఎదురుపడిన చోటు అది.

వేసవి విస్తరి

16వ శతాబ్ది తొలి పాదానికి చెందిన శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుని అతిథి సత్కారం మూడు ఋతువులుగా విడివడి కనిపిస్తుంది. వానకాలంలో పప్పు, పొగపిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి ఉంటాయి. చలికాలంలో మిరియపు పొడి చల్లిన కూరలు, ఆవపెట్టిన పచ్చళ్లు, కాచిన పాలు వస్తాయి. వేసవి వచ్చేసరికి విస్తరి స్వభావమే మారిపోతుంది. నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, పండ్లు, పరిమళించే చల్లని నీరు, వడపిందెలు, నీరుచల్ల వరుసగా వస్తాయి. భోజనానికి ముందే అతిథికి చందనం పూస్తారు.

ఈ మూడు విస్తర్లను పక్కపక్కన పెట్టి చదివితే ఒక క్రమం తేటపడుతుంది. వానల్లో ఎండబెట్టి దాచినవి, చలిలో ఒంటికి వేడి పుట్టించేవి, ఎండల్లో ద్రవరూపంలో ఉన్నవి. వేసవి పట్టికలో వేపుడు కూర ఒక్కటీ లేదు. ‘పలుచని’ అన్న విశేషణం అంబలికి, ‘నీరు’ అన్న పూర్వపదం చల్లకు చేరడం గమనించదగినది. వంటకం పేరులోనే కవి దాని పాకాన్ని, కాలాన్ని నిర్దేశించాడు. కాబట్టి ఇక్కడ ‘తేలికైన ఆహారం’ అన్నది వంటకానికి శాశ్వతంగా ఉండే గుణం కాదు. ఋతువును బట్టి ఏర్పడే సంబంధం. అదే అంబలిని చలికాలపు విస్తరిలో కవి వడ్డించలేదు.

ఒకే అంబలి, రెండు అర్థాలు

విష్ణుచిత్తుని ఇంట మర్యాదగా కనిపించిన అంబలి, మరొకచోట లేమికి గుర్తుగా కనిపిస్తుంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువుల్లో జొన్నకలి, జొన్నంబలి, జొన్నన్నం తప్ప సన్నబియ్యపు అన్నం దొరకదన్న ఎత్తిపొడుపు ఉంది. రాజాస్థానాల విందులు ఎరిగిన కవి నోట జొన్న వెటకారానికి గురయింది. అంబలి పేరు రెండు చోట్లా ఒకటే. మొదటిచోట తినేవారికి వేరే వంటకాలూ ఉన్నాయి. రెండోచోట అదే మొదలు, అదే తుది. ఒకరికి ఎంపిక అయినది మరొకరికి గత్యంతరం లేక తినేది అయింది.

‘ఆముక్తమాల్యద’లోనే ఈ రెండు అంచుల నడుమ నిలిచే మూడో చిత్రం ఉంది. చతుర్థాశ్వాసంలోని వర్షర్తు వర్ణనలో గ్రామపు రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస, చింతచిగురు కలిపి నూనెతో పొరటి, ఆరికల అన్నంతో తిని, మేకెరువు నిప్పు ఉన్న కుంపటి దగ్గర మంచమెక్కుతారు. ఈ పద్యంలోని ఆకులు తోటలో నాటి పెంచినవి కావు. వాన పడగానే గట్ల మీద, చేలలో వాటంతట అవే మొలిచేవి. ఆరిక కూడా మెట్ట నేలల ముతక ధాన్యమే. అయినా ఈ భోజనంలో లేమి ధ్వనించదు. ఇల్లు, పశువు, చేను తమవైన రైతు తృప్తి ధ్వనిస్తుంది.

పోతన ‘భాగవతం’ దశమ స్కంధంలోని చల్దులారగించే ఘట్టాన్ని కూడా ఈ వరుసలో చేర్చవచ్చు. గోపబాలుర మధ్య కూర్చున్న కృష్ణుని ఎడమచేతిలో మీగడపెరుగు కలిపిన ముద్ద, వేళ్ల సందుల్లో ఊరుగాయలు. పశువులను మేపేవారు ఇంటి నుంచి మోసుకుపోయే తిండి అది. రాత్రి మిగిలిన అన్నం పెరుగుతో కలిసి పులిసి, ఎండవేళకు చల్లని ఆహారమవుతుంది.

ఈ నాలుగు సందర్భాలనూ కలిపి చూస్తే ఒక విషయం స్థిరపడుతుంది. తెలుగు కావ్యాల్లో అంబలికి, చద్దికి, ముతక ధాన్యానికి విలువను నిర్ణయించినది వాటిలోని పోషకం కాదు. తినేవారికి నేల మీద, పశువు మీద, తీరిక మీద ఉన్న హక్కు. కావ్యాలను నేటి ఆహార ప్రచారానికి సాక్ష్యంగా తెచ్చేవారు మొదటి సందర్భాన్ని స్వీకరించి, రెండోదాన్ని విడిచిపెడుతున్నారు.

నుడిలో నిలిచిన ఆహారం

రాయల కావ్యంలోని ‘చల్ల’ నేటి ప్రామాణిక భాషలో చాలావరకు ‘మజ్జిగ’కు చోటిచ్చింది. చల్లకు వచ్చి ముంత దాచినట్లన్న సామెతలో మాత్రం అది నిలిచింది. తెలంగాణ ఇళ్లలో అదే పదం ‘సల్ల’ రూపంలో నిత్య వ్యవహారంలో ఉంది. పోతన వాడిన ‘చల్ది’ ఒకచోట ‘చద్ది’గా, మరొకచోట ‘సద్ది’గా సాగింది. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన సామెత, బతుకమ్మ ఆఖరి రోజున చేసే సద్దులు ఈ ఒక్క పదం విస్తృతిని చూపుతాయి. ‘సల్ల’, ‘సద్ది’ పదాలను అపభ్రంశాలుగా తీసివేసే దృష్టికి ఇక్కడ జవాబు దొరుకుతుంది. కావ్యభాషలోని ఆహార పదజాలాన్ని ఇంటి వాడుకలో కాపాడినది ఆ నుడికారమే.

ఈ పదజాలంలో సూక్ష్మభేదాలు ఎక్కువ. జొన్నరవ్వను లేదా మక్కరవ్వను గట్టిగా ఉడికిస్తే గట్క. పిండిని నానబెట్టి, పులియనిచ్చి, పలుచగా కాచి సల్ల కలిపితే అంబలి. రాగులు తెలంగాణలో తైదలు, గోంగూర పుంటికూర, పాయలకూర గంగవాయిలికూర. చింతపండును ఉడికించకుండా పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప చేర్చి చేసే పచ్చిపులుసు పొయ్యి అవసరం తక్కువైన వేసవి వంటకం. ‘ఆముక్తమాల్యద’లోని తుమ్మి నేటికీ వినాయక చవితి నాడు తెలంగాణ ఇళ్లలో కూరగా వండబడుతుంది. అంటే రాయల పద్యంలోని వానకాలపు ఆకు ఇప్పటికీ వానకాలపు పండుగకు అంటిపెట్టుకొనే ఉంది.

గోపన్‌పల్లి చుట్టూ ఊరి పేర్లు

ఈ ఆహారానికి కావలసిన వనరులు గోపన్‌పల్లి పరిసరాల పేర్లలోనే నిక్షిప్తమై ఉన్నాయి. పక్కనే గౌలిదొడ్డి. గౌలి అంటే పాడిపశువులను పెంచి పాలమ్మేవాడు. హైదరాబాదు పాతబస్తీ అంచున ఉన్న గౌలిగూడలోనూ ఇదే పదం. దొడ్డి అంటే పశువుల కొట్టం, కోస్తా వాడుకలో పెరడు కూడా. కాస్త ముందుకు వెళితే గచ్చిబౌలి. బౌలి అంటే దిగుడుబావి. దానికి ఆనుకొని కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువుల మేతకు విడిచిన భూమి. కంచ లేనిదే పాడి లేదు, పాడి లేనిదే సల్ల లేదు. బావి లేనిదే వేసవిలో కూరపాదు నిలవదు. పల్లి, దొడ్డి, బౌలి, కంచ అన్న నాలుగు మాటలు కలిస్తే ఒక వేసవి విస్తరికి కావలసిన నేపథ్యం ఏర్పడుతుంది.

ఈ నేల ఉపయోగం వేగంగా మారింది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఇక్కడికి సమీపంలో ఏర్పడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో హైటెక్ సిటీ రూపుదాల్చింది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాదులో విలీనమైంది. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసినప్పుడు, ‘కంచ’ అన్న మాట దినపత్రికల ద్వారా కొత్త తరానికి చేరింది. మేత భూమిగా ఆ మాటకున్న అర్థం మాత్రం ఆ చర్చలో అంతగా వినిపించలేదు. పేరు నిలిచి, పేరు సూచించిన వృత్తి తొలగిపోవడం ఈ ప్రాంతపు ఆహార చరిత్రలో కీలకమైన మలుపు.

జొన్న నుంచి బియ్యానికి, మళ్లీ జొన్నకు

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెలంగాణ మెట్ట ప్రాంతాల తిండిని మార్చిన ముఖ్య ఘటనల్లో ఒకటి. పల్నాటి చాటువులో ఎగతాళికి గురైన జొన్న తినేవారికి తెల్ల అన్నం అందడాన్ని ఆకలి దృష్టితోనే కాక, గౌరవం దృష్టితోనూ చూడాలి. శతాబ్దాలుగా పై మెట్టుకు గుర్తుగా ఉన్న వరి అన్నం అందరి కంచంలోకి వచ్చింది. దాని వెంట జొన్న, కొర్ర, సామల సాగు తగ్గింది. ఆ పంటల మధ్య మొలిచే ఆకుకూరల వాడుకా తగ్గింది.

ముతక ధాన్యం దానంతట అదే ఆరోగ్యమన్న భావనకు హైదరాబాదు పరిశోధనల్లోనే ఒక హెచ్చరిక ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధం. జొన్న ప్రధానాహారంగా ఉన్న పేదలలో కనిపించిన పెల్లగ్రా వ్యాధిని అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య అధ్యయనం చేశారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అన్న అమైనో ఆమ్లానికి, ఆ వ్యాధికి సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదనపై తరువాత చర్చ జరిగినా, ఒకే ధాన్యం మీద బతకవలసి రావడమే కీడు అన్న అంశం బలపడింది. కావ్యాల సాక్ష్యమూ ఇదే. రాయల రెడ్ల విస్తరిలో ఆరిక ఒంటరిగా లేదు, ఐదు రకాల ఆకులు తోడున్నాయి. చాటువులో జొన్నకు తోడు లేదు.

1983లోనే జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అక్కడి మహిళా సంఘాలు, వాటిలో అధికులైన దళిత స్త్రీలు, ఒకే చేనులో పలు పంటలు కలిపి వేయడాన్ని, విత్తనం దాచుకోవడాన్ని, చేలలో తమంత తామే మొలిచే ఆకులను తినడాన్ని తమ జ్ఞానంగా నిలబెట్టుకున్నారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. నగరపు అంగళ్లలో కొర్రలు, సామలు అందమైన సంచుల్లో బియ్యం కంటే ఎక్కువ ధరకు కనిపిస్తున్నాయి. లేమికి గుర్తయిన ధాన్యం స్తోమతకు గుర్తయింది.

పెరడు నుంచి మేడతోటకు

తెలుగు ఇంటి నిర్మాణంలో పెరడు వంటింటికి పొడిగింపు. బియ్యం కడిగిన నీరు, గిన్నెలు తోమిన నీరు అరటికి, కరివేపకు పారేవి. బీర, పొట్ల, ఆనప పాదులు పందిరెక్కి వేసవిలో నీడనూ ఇచ్చేవి. ఈ వ్యవస్థ నడిచినది ప్రధానంగా స్త్రీల శ్రమ మీద. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత చేరువలోని దానిపై ఉండే చులకనను చెప్పినా, పెరట్లో మందు మొక్క ఉండడం ఎంత సహజమో కూడా చెబుతోంది.

బహుళ అంతస్తుల గృహసముదాయాల్లో పెరడు లేదు. దాని స్థానంలో మేడతోట, బాల్కనీ కుండీ వచ్చాయి. ఉద్యానశాఖ కూడా ‘మన ఇల్లు – మన కూరగాయలు’ పేరిట రాయితీపై సామగ్రి అందించి ఈ అలవాటును ప్రోత్సహించింది. మట్టి బరువు తగ్గించడానికి కొబ్బరిపొట్టు, సారానికి వానపాముల ఎరువు, ఎండ తగ్గించడానికి నీడవల అవసరమవుతాయి. దక్కను వేసవిలో టమాటా పూత రాలిపోతుంది. తోటకూర, బచ్చలి, గంగవాయిలి తట్టుకొని నిలుస్తాయి. ఋతువుకు తగిన కూర అన్న కావ్యధర్మాన్ని కుండీలోని మొక్క ఈ విధంగా మళ్లీ నేర్పుతున్నది.

అయితే పెరటికీ మేడతోటకూ భేదం గుర్తించాలి. పెరటికి వాడిన నీరు చాలేది. మేడతోటకు కొన్న నీరు, కొన్న మట్టి కావాలి. పెరటి కూర పొరుగింటికి గోడ మీదుగా చేరేది. అన్నిటికంటే ముఖ్యం, పెరడు పేదవారికీ ఉండేది. నేడు ఐటీ భవనాలను కట్టే వలస కూలీల రేకుల గుడిసెల ముందు ఒక బీరపాదుకు కూడా చోటు లేదు.

ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. కావ్యాల్లో తేలిక ఆహారం ఋతువుతో ముడిపడినది. దానిని ఏడాది పొడవునా వర్తించే పథ్యంగా చెప్పడానికి ఆ వర్ణనలు ఆధారం కావు. ముతక ధాన్యం విలువ దానికి తోడైన ఆకు, పప్పు, చల్లలతోనూ, తినేవారికున్న ఎంపికతోనూ ఏర్పడింది. కావ్యాల ఆహార పదజాలానికి తెలంగాణ వ్యవహారం సజీవ వ్యాఖ్యానం. సల్ల, సద్ది తెలియకుండా నీరుచల్లను, చల్దిని వివరించడం అసంపూర్ణం.

చివరి అంశం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యాన్ని సూచిస్తుంది. వస్తువు పోతే మాట కొంతకాలమే నిలుస్తుంది. పాదు, పందిరి, దొడ్డి, కంచ, గట్క, తైదంబలి వంటి మాటలు అనుభవంగా తెలిసిన తరం గోపన్‌పల్లి వంటి ఊళ్లలో ఇంకా ఉంది. వారి నోటి మాటను ప్రాంతాలవారీగా, ఋతువులవారీగా నమోదు చేస్తే అది ఆహార నిఘంటువుగానే కాక కావ్య వ్యాఖ్యానంగానూ ఉపకరిస్తుంది. వేసవిలో చలివేంద్రాల పక్కన అంబలి కేంద్రాలు వెలుస్తున్నాయి. అక్కడ దాహంతో నిలబడిన కూలీకి, అంగడిలో చిరుధాన్యం కొనే ఉద్యోగికి అంబలి ఒకటే. దాని అర్థం ఒకటి కాదు. ఆ భేదాన్ని గుర్తించి చదివినప్పుడే రాయల వేసవి విస్తరి నేటి చరిత్రకు సాక్ష్యమవుతుంది.