గుర్రం నోట్లో ఇనుప ముక్క

గుర్రం పెదవి కాస్త ఎత్తి చూస్తే ముందు పళ్ల వరస కనిపిస్తుంది. మగ గుర్రమైతే దాని వెనక ఒక కోరపన్ను ఉంటుంది. ఆ తర్వాత చాలా మేర ఉత్త చిగురే. దవడపళ్లు ఎక్కడో లోపల మొదలవుతాయి. గడ్డి కొరికే పళ్లకూ నమిలే పళ్లకూ మధ్య మిగిలిన ఈ ఖాళీలోనే కళ్లెపు కడ్డీ కూర్చుంటుంది, సగం నాలుక మీద, సగం చిగురు మీద. అక్కడ చిగురు బాగా పలచన. దాని కిందే దవడ ఎముక అంచు ఉంటుంది. పగ్గం లాగితే ఒత్తిడి ఆ అంచు మీద పడుతుంది. అయిదు వందల కిలోల జంతువు పదేళ్ల పిల్లవాడి చేతికి లొంగడం వెనక రహస్యం అంతే.

లొంగడంలో రెండు రకాలున్నాయి. నొప్పికి జడిసి ఆగే గుర్రం ఒకటి. పగ్గం బిగియబోతోందని పసిగట్టి, బిగియకముందే ఆగే గుర్రం ఇంకొకటి. మొదటి దాన్ని వారంలో తయారు చేయొచ్చు. రెండోది తయారవడానికి ఏళ్లు పడుతుంది. కళ్లేల చరిత్రను మ్యూజియంలలో లోహాల చరిత్రగా చూపిస్తారు. కంచు కడ్డీ తర్వాత ఇనుప కడ్డీ, దాని తర్వాత ఉక్కు కడ్డీ వరసగా పేర్చి ఉంటాయి. నాకు మాత్రం అది తీరిక చరిత్రగా కనిపిస్తుంది. గుర్రానికి నేర్పే తీరిక ఉన్నచోట ఒక రకం కళ్లెం, లేనిచోట మరో రకం కళ్లెం పుట్టాయి.

మొదట్లో నోటి జోలికే ఎవరూ పోలేదు. క్రీస్తుకు పూర్వం 2500 ప్రాంతంలో మెసొపొటేమియాలోని ఊర్ నగరంలో చేసిన పొదుగుబొమ్మల పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో యుద్ధపు బండ్లను లాగుతున్నవి గుర్రాలు కావు, గాడిద జాతి జంతువులు. మనం ఎద్దుకు ముకుతాడు వేసినట్టు వాటి ముక్కుకు కడియం తగిలించి తాడు కట్టారు. ఎడ్లతో నేర్చిన విద్యనే వీటి మీదా ప్రయోగించారన్నమాట. ముక్కు కడియంతో జంతువును ఆపవచ్చు గాని, వేగంగా పోతుండగా ఇటూ అటూ తిప్పడం కష్టం. తిప్పాలంటే రెండు వైపులా పట్టు కావాలి. ఆ పట్టు నోట్లో దొరికింది.

ఎప్పుడు దొరికిందన్న దాని మీద పండితుల వాదులాట ఇంకా తెమల్లేదు. తొలి కళ్లేలు తాడో తోలో అయివుంటాయి. అవి మట్టిలో మిగలవు. మిగిలేది పన్ను. గుర్రం నాలుకతో కడ్డీని వెనక్కి తోసి మొదటి దవడపళ్ల మధ్య కరిచి పట్టుకుంటుంది. అలా ఏళ్ల తరబడి నమిలితే పన్ను ముందంచు ఏటవాలుగా అరుగుతుంది. అమెరికా పురావస్తు పరిశోధకులు డేవిడ్ ఆంథొనీ, డార్కస్ బ్రౌన్ దంపతులు ఈ అరుగుదలను కొలిచే పద్ధతి తయారుచేశారు. ఉక్రెయిన్‌లో ద్నీపర్ నది ఒడ్డున దెరియివ్కా అనే చోట 1960లలో తవ్వితే దొరికిన ఒక మగ గుర్రం పుర్రెలో ఆ గుర్తు స్పష్టంగా ఉంది. ఆ పుర్రె దొరికిన పొర ఆరువేల ఏళ్ల నాటిది కాబట్టి గుర్రపుస్వారీకి అంత వయసుందని 1991లో ప్రకటించారు. తరవాత ఎముకకే రేడియోకార్బన్ పరీక్ష చేయిస్తే ఆ గుర్రం క్రీస్తుకు పూర్వం 700-200 మధ్యదని తేలింది. ఎప్పుడో తర్వాతి కాలంలో గొయ్యి తవ్వి పాత పొరలో పాతిపెట్టారు. ఆ దంపతులు తమ వాదనను తామే వెనక్కి తీసుకున్నారు. పన్ను అబద్ధమాడలేదు. దాని మీద కళ్లెం గుర్తు నిజమే, తేదీయే తప్పింది.

కజకిస్తాన్‌లోని బొతాయ్ స్థావరం కథ కూడా ఇలాగే మెలికలు తిరిగింది. అక్కడి అయిదున్నర వేల ఏళ్ల నాటి గుర్రాల దవడల్లో కళ్లెం గుర్తులున్నాయని 2009లో రాశారు. 2018లో జన్యు పరీక్షలు చేస్తే అవి నేటి గుర్రాలకు పూర్వికులు కావని తేలింది. ఆ అరుగుదల సహజంగానే రావచ్చని 2021లో మరికొందరు అభ్యంతరం చెప్పారు. అదే ఏడాది 273 ప్రాచీన గుర్రాల జన్యువులు పరిశీలించి, నేటి పెంపుడు గుర్రాల మూలం వోల్గా, డాన్ నదుల దిగువ మైదానాలని, క్రీ.పూ. 2200 తర్వాత అక్కడినుంచి అవి నలుదిక్కులా పాకాయని నిర్ధారించారు.

తాళ్లు పోయినా, వాటిని బుగ్గల దగ్గర పట్టి ఉంచే బిళ్లలు మిగిలాయి. ఉరల్ పర్వతాల దక్షిణాన సింతాష్తా సమాధుల్లో రథాలతో పాటు ఎముకతోనూ కొమ్ముతోనూ చేసిన గుండ్రటి బిళ్లలు దొరికాయి. గుర్రం బుగ్గకు ఆనుకునే వైపు వాటికి చెక్కిన ములుకులు ఉన్నాయి. పగ్గం ఒక వైపు లాగితే రెండో వైపు బిళ్ల పెదవి మూలలో గుచ్చుకుంటుంది. నాలుగు వేల ఏళ్ల నాటి మాట ఇది. లోహపు కళ్లెం కంటే ముళ్ల కళ్లెం కొన్ని వందల ఏళ్లు పెద్దదని దీన్నిబట్టి తెలుస్తుంది. రథం పూన్చిన గుర్రానికి తోలేవాడి తొడల ఒత్తిడి తగలదు. ఉన్న ఆధారమల్లా పగ్గమే. పగ్గంతోనే వెంటనే లొంగదీయాలన్న తొందర ఆ ములుకుల్లో కనబడుతుంది.

అప్పటి శిక్షకుడి మాట ఒకటి మనకు చేరింది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో మితాన్ని రాజ్యానికి చెందిన కిక్కులి అనే అశ్వశిక్షకుడు చెప్పింది హిత్తైట్ రాజధాని హత్తుశలో మట్టి పలకల మీద దొరికింది. అందులో చుట్ల లెక్కలు చెప్పే మాటలు మన ఏక, త్రి, పంచ, సప్త, నవలకు దగ్గరి చుట్టాలు. నెలల తరబడి ఏ రోజు ఎంత దూరం నడిపించాలి, ఎప్పుడు కడగాలి, ఎప్పుడు మేత ఆపాలి అన్నీ చెప్పాడు. గుర్రం మొదటిసారి కళ్లెం ఎలా అందుకుంటుందో ఆ పలకల్లో వెతికితే నిరాశే. అది సాయిసులు చేతులతో నేర్చుకునే పని, రాయసగాడికి చెప్పే సంగతి కాదనుకున్నాడేమో.

ఆ సంగతి రాసిపెట్టింది ఏథెన్స్‌వాడు జెనొఫన్, క్రీ.పూ. 4వ శతాబ్దంలో. అశ్వారోహణం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ఈనాటి సాయిసుకు చదివి వినిపించినా పనికొస్తుంది. గుర్రానికి ఎడమ పక్కన నిలబడి, కుడిచేత్తో తలపట్టీ పైకెత్తి, ఎడమచేత్తో కడ్డీ నోటికి అందించాలి. పళ్లు బిగించుకుంటే కడ్డీని పళ్లకు ఆనించి బొటనవేలు దవడ సందులో పెట్టాలి, చాలా గుర్రాలు నోరు తెరిచేస్తాయి. ఇప్పటికీ ఉపాయం ఇదే. దానికన్నా నాకు నచ్చింది మరో సూచన. పనికి తీసుకెళ్లేటప్పుడే కాకుండా, మేతకు తీసుకెళ్లేటప్పుడూ స్వారీ అయ్యాక ఇంటికి నడిపించేటప్పుడూ కళ్లెం తగిలించమంటాడు. అప్పుడు కళ్లెం అంటే చాకిరీ అనే ముడి గుర్రం బుర్రలో పడదు. గుర్రానికి రెండు రకాల కళ్లేలు ఉండాలనీ, గరుకుదానితో ఒకసారి నేర్చిన గుర్రం నున్నటిదాన్ని చూసి సంతోషిస్తుందనీ కూడా ఆయనే చెప్పాడు. ఏథెన్స్ పెద్దమనిషికి ఒక గుర్రం, దాన్ని చూసుకునే మనుషులు, బోలెడంత పొద్దు ఉన్నాయి మరి.

కొద్దికాలానికే గ్రీకులు మన గుర్రాలను చూసి ఆశ్చర్యపోయారు. నియార్కస్, మెగస్తనీస్ రాతల ఆధారంగా గ్రీకు రచయిత అర్రియన్ వర్ణించిన భారతీయ కళ్లెం ఇది: గుర్రం మూతి చుట్టూ పచ్చితోలు పట్టీ, దానికి లోపలివైపు కంచు లేదా ఇనుప ముళ్లు, మరీ వాడివి కావు. డబ్బున్నవాళ్లయితే దంతపు ముళ్లు. నోట్లో ఇనుప పుల్ల, దానికి పగ్గాలు. పగ్గం లాగితే పుల్ల బిగిసి, దాంతో పాటు ముళ్లు మూతికి గుచ్చుకుంటాయి. మెగస్తనీస్‌దని చెప్పే మరో భాగంలో, మొండికేసిన గుర్రాలను వృత్తి శిక్షకులు గుండ్రంగా తిప్పి తిప్పి దారికి తెస్తారనీ, దానికి బలమైన చేతులూ గుర్రాల గురించి లోతైన తెలివిడీ కావాలనీ ఉంది. అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం గుండ్రంగా తిరిగే వల్గనంతో నడకల జాబితా మొదలుపెట్టి, సంజ్ఞను బట్టి కదిలే నారోష్ట్రంతో ముగిస్తుంది. ఒకే దేశంలో ముళ్లపట్టీ ఉంది, సంజ్ఞకు కదిలే గుర్రమూ ఉంది. వేల గుర్రాలతో సేన నడిపే రాజ్యానికి రెండూ అవసరమయ్యాయి.

కళ్లెమే లేకుండా యుద్ధం చేసినవాళ్లూ ఉన్నారు. ఉత్తరాఫ్రికా నుమిడియన్లు మెడకు ఒక తాడు, చేతిలో ఒక పుల్లతో స్వారీ చేసేవారు. రోమ్‌లో ట్రాజన్ స్తంభం మీద వాళ్ల పక్కవాళ్లయిన మూరిష్ రౌతులు అలాగే దౌడు తీస్తూ కనిపిస్తారు. పుట్టినప్పటినుంచీ మనుషుల మధ్య పెరిగే గుర్రాలతోనే అది సాధ్యం. కెల్టులు మాత్రం వేరే దారి పట్టారు. గడ్డం కింద గొలుసు, బుగ్గల పక్కన పొడవాటి కాడలు పెట్టి కడ్డీని తులాదండంగా మార్చారు. చేతి బలం నోటి దగ్గరికి చేరేసరికి కొన్ని రెట్లవుతుంది.

తెలుగునేలకు గుర్రం ఎప్పుడూ దిగుమతి సరుకే. ఈ ఉక్క, ఈ గడ్డి దానికి పడవు. కాకతి గణపతిదేవుడి అశ్వసేనను నడిపిన కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరులోని సాహిణి, గుర్రాల అజమాయిషీ చేసేవాడి బిరుదు. ఆ కొలువు వల్లనే ఆ వంశం ఒక రాజ్యభాగాన్ని ఏలింది. సముద్రం దాటి వచ్చిన గుర్రాలకు దక్షిణాదిన అన్నం, మాంసం పెట్టి చంపేస్తున్నారని, వైద్యం తెలిసినవాళ్లు లేరని మార్కోపోలో పాండ్య రాజ్యాన్ని చూసి వాపోయాడు. విజయనగరం వేళకు సరుకు మరీ పెరిగింది. స్వయంగా గుర్రాల వ్యాపారి అయిన పోర్చుగీసు ఫెర్నావో నూనిజ్, అక్కడి రాజు ఏటా హొర్ముజ్ గుర్రాలు, నాటు గుర్రాలు కలిపి 13,000 కొనేవాడని రాశాడు. వ్యాపారి నోటి లెక్క కాబట్టి కొంత తగ్గించుకున్నా, అరబ్బీ మాటకు అలవాటుపడ్డ వేల గుర్రాలకు ఇక్కడి రౌతుల చేయి అలవాటు చేయాల్సి వచ్చిందన్నది నిజం. హంపి హజార రామాలయం ప్రహరీ మీద వరసలు కట్టిన గుర్రాల్లో చాలావాటిని మనుషులు పక్కన నడిచి పట్టుకెళుతున్నారు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వంటి గ్రంథాలు సుడులు, రంగులు చూసి గుర్రం ఎంచుకోవడం గురించి చెప్పినంత వివరంగా కళ్లెం అలవాటు చేయడం గురించి చెప్పే పుస్తకాలు అరుదు. కొనేవాడు చదువుకున్నవాడు, నేర్పేవాడు కాదు.

అక్బరు శాలలో కొలువుల జాబితా ఐన్-ఇ-అక్బరీలో ఉంది. గుర్రమెక్కి దాని నడక పరీక్షించే చాబుక్‌సవార్, పట్టుకుని నడిపే జిలవ్‌దార్, నాడాలు కొట్టే నాల్‌బంద్, చివరికి దిష్టి తగలకుండా విత్తనాల పొగ వేయడానికి కూడా ఒక మనిషి. పని ఇంతగా పంచుకున్నచోట పిల్ల గుర్రం మీద ఎవరో ఒకరికి రోజంతా తీరిక దొరుకుతుంది.

యూరప్‌లో 1550లో నేపుల్స్ నుంచి ఫెదెరీకో గ్రిజోనే పుస్తకం వచ్చింది. మొండి గుర్రాలకు అందులో చెప్పిన శిక్షలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. రకరకాల కడ్డీల బొమ్మలతో ఆ తరహా పుస్తకాలు వరదలా వచ్చాయి. తర్వాతి శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీకి స్వారీ నేర్పిన ప్లూవినెల్ తిట్టడం కన్నా బుజ్జగించడం మేలన్నాడు. రాజుగారి శాలలో తొందరేముంటుంది?

ఈ లెక్కకు లొంగనిది కాలిఫోర్నియా వకేరోల పద్ధతి. పశువుల కాపరులైన వీళ్ల స్పేడ్ కళ్లెం చూస్తే భయమేస్తుంది. కడ్డీ మధ్యలోంచి ఒక రేకు అంగిలి దాకా లేస్తుంది. కానీ అది గుర్రం నోట్లోకి వెళ్లేది అయిదో ఏటి తర్వాతే. అప్పటిదాకా ముక్కు మీద పచ్చితోలుతో అల్లిన బోసాల్ అనే పట్టీ ఒక్కటే. తర్వాత సన్న బోసాల్‌తో పాటు కళ్లెం కూడా వేసి, కొన్నాళ్లు పగ్గం బరువంతా ముక్కు మీదే ఉంచి, మెల్లగా నోటికి మారుస్తారు. రెండున్నర నుంచి అయిదేళ్ల మధ్య గుర్రానికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. ఆ చిగుళ్ల సలపరంలో ఇనుము పెట్టకూడదన్నది వాళ్ల నియమం. పూర్తిగా తయారైన గుర్రానికి పగ్గాలు వదులుగా వేలాడుతూనే ఉంటాయి. అంతటి ఇనుమూ ఆ నోట్లో దాదాపు పని లేకుండా కూర్చుంటుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం బ్రిటిష్ పాలనలో మద్రాసు రేవులో దిగిన ఆస్ట్రేలియా గుర్రాల సంగతి. న్యూ సౌత్ వేల్స్ పేరు మీదుగా వాటిని వేలర్లనేవారు. చాలావాటికి మనిషి చేయి అంతంతమాత్రంగానే తెలుసు. హొసూరు వంటి చోట్ల ఉన్న అశ్వశాలలు వాటిని పటాలాలకు అప్పజెప్పాలి. ఆ రోజుల్లో భారతదేశంలో తిరిగి గుర్రాలను మచ్చిక చేసి చూపించిన హోరేస్ హేయ్స్ 1889లో పుస్తకం వేశాడు. ఎక్కకముందే నేలమీద నిలబడి రెండు పొడవాటి పగ్గాలతో గుర్రాన్ని గుండ్రంగా తోలుతూ నోటికి నేర్పాలన్నాడు. గుండ్రంగా తిప్పే ఆ పాత విద్యే కొత్త పేరుతో తిరిగొచ్చింది.

ఇప్పుడు మంచి శాలలో జరిగే పని ఇలా ఉంటుంది. ముందు కొన్ని వారాలు తలకట్టు తాడుతో నడక, చెవుల మీద చేయి పడనివ్వడం. తర్వాత వైద్యుడు నోరు చూసి, దవడపళ్లకు ముందు మొలిచే చిన్న తోడేలుపన్ను కడ్డీకి తగిలేలా ఉంటే తీసేస్తాడు. చలికాలమైతే కడ్డీని అరచేతుల్లో వేడి చేస్తారు. కాస్త తీపిపాకం రాసి, బొటనవేలు పెదవి మూలలో పెట్టి అందిస్తారు. మొదటిరోజు పగ్గాలు ఉండవు, కొద్ది నిమిషాలు నములుకోనిచ్చి తీసేస్తారు. తీసేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. గుర్రం తానుగా నోరు తెరిచేదాకా ఆగకుండా లాగేస్తే కడ్డీ పళ్లకు తగులుతుంది. ఆ మర్నాడు అది తల పైకెత్తేస్తుంది. పందేల గుర్రాలకు ఇదంతా ఏడాదిన్నర వయసులో మొదలవుతుంది, ఎందుకంటే రెండేళ్ల పిల్లలకే పందేలున్నాయి. వకేరోలు ఆగిన వయసులో ఇక్కడ పరుగు మొదలవుతుంది. ఫిన్లండ్‌లో 261 పందెపు గుర్రాల నోళ్లు పందెం కాగానే చూసిన పశువైద్యులకు 84 శాతం నోళ్లలో కడ్డీ ఆనే చోట తాజా గాయాలు కనిపించాయి. వాటిలో ముళ్ల కళ్లెం ఒక్కటీ లేదు, పరుగుపందేనికి మామూలుగా వాడేవే.

మన దేశంలో బరువులు లాగే, మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1965లో చేసిన నియమాలు ముళ్లున్న కళ్లేన్ని సూటిగా నిషేధించాయి. అయినా ఉత్తరాది నగరాల్లో జంతు సంక్షేమ సంఘాలవాళ్లు పోలీసులను వెంటబెట్టుకొని టాంగాలు, పెళ్లి గుర్రాలు ఆపి చూస్తే కడ్డీ నిండా ములుకులున్న కళ్లేలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బాజాలు, టపాకాయలు, ట్రాఫిక్ మధ్య గుర్రాన్ని కదలకుండా నిలబెట్టాలి, అద్దె ఆ పూటకే. ఆ యజమానికి నేర్పే తీరిక లేదు, కొత్త గుర్రం కొనే డబ్బూ లేదు. కొన్ని సంఘాలు ముళ్ల కళ్లెం తీసుకొని నున్నటిది ఉచితంగా ఇస్తున్నాయి. కొత్త కడ్డీతో ఆ గుర్రాన్ని ఎలా ఆపాలో యజమానికి పక్కనుండి నేర్పేవాళ్లు కూడా కావాలి, లేకపోతే పాతది మళ్లీ సంతలో కొనుక్కుంటాడు.