రంగం బియ్యం – బర్మా వేర్పాటు

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా ఇండియా నుండి వేరుపడింది. అంతవరకు అది బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. రెండింటికీ ఒకే రూపాయి, ఒకే సుంకాల పట్టిక. మద్రాసు నుండి బొంబాయికి సరుకు పంపినట్లే కాకినాడ నుండి రంగూనుకు పంపేవారు. నడుమ సుంకపు చౌకీ లేదు, మనుషులకు అనుమతి పత్రాల బెడద లేదు. విభజన అనగానే 1947 గుర్తుకు వస్తుంది. అంతకు పదేళ్ళ ముందే జరిగిన ఈ విభజనను మాత్రం చరిత్ర గ్రంథాలు రెండు వాక్యాలతో దాటవేస్తాయి. తెలుగువారికి, అందులోనూ ముసల్మానులకు, ఇది దాటవేయదగిన విషయం కాదు.

బర్మాను ఆంగ్లేయులు మూడు యుద్ధాలలో గెలిచారు. 1826లో అరకాన్, తెనాసెరిం, 1852లో పెగూ, 1885లో మాండలే వారి వశమయ్యాయి. 1857 తిరుగుబాటు తరువాత చివరి మొగలు పాదుషా బహదూర్ షా జఫర్‌ను ప్రవాసం పంపింది కూడా రంగూనుకే. 1862 నవంబరు 7న ఆయన అక్కడే కన్నుమూశాడు. ఢిల్లీ పాదుషాను దాచిపెట్టడానికి దూరదేశంగా ఎంచుకున్న ఆ ఊరు, ఆయన సమాధి అయిన కొద్ది దశాబ్దాలకే హిందూస్థానీయులతో నిండిపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో నాలుగు లక్షల జనం ఉంటే అందులో సగానికి మించి ఇండియా వారే. బర్మా మొత్తం మీద ఇండియా వారు పది లక్షల పైచిలుకు. వారిలో దాదాపు నాలుగు లక్షల మంది ముసల్మానులు. తెలుగు మాట్లాడేవారు లక్షన్నరకు మించి ఉన్నారు.

తెలుగువారి వాడుకలో ఆ నగరం పేరు రంగూన్ కాదు, రంగం. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కూలీలు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని ఓడ ఎక్కేవారు. ఓడ కిరాయి, తిండి ఖర్చు అప్పు కింద జమ అయ్యేవి. రేవులో బస్తాలు మోయడం, బియ్యపు మిల్లులలో పని, రిక్షా లాగడం, కోతల కాలంలో పొలం పని వారి వంతు. కోరంగి రేవు పేరు మీద బర్మా వారు తెలుగు వారందరినీ ‘కోరంగీలు’ అనేవారు. ఆ మాటలో గౌరవం కంటే చులకనే ఎక్కువ. వర్తకంలో గుజరాతు, సూరత్ ముసల్మానులది పెద్ద చేయి. అబ్దుల్ కరీం జమాల్ బియ్యం, పత్తి వ్యాపారాలు చేసి, చమురు పరిశ్రమలోనూ అడుగుపెట్టి, ‘సర్’ బిరుదు పొందాడు. బర్మా స్త్రీలను వివాహమాడిన ఇండియా ముసల్మానుల సంతానానికి జేరబాదీలని పేరు వచ్చింది. వీరు భాషలో, దుస్తులలో బర్మా వారే. తరువాతి కథలో ఎక్కువ నలిగింది కూడా వీరే.

గుంటూరు సీమ నుండి రంగం వెళ్ళిన కూలీలు ఉత్తర జిల్లాలతో పోలిస్తే తక్కువ. అయినా బర్మాతో ఈ సీమకు సంబంధం లేకపోలేదు. కూలీల రూపంలో కాక బియ్యం ధర రూపంలో ఆ సంబంధం వచ్చింది. ఆనాటి గుంటూరు జిల్లాలో నేటి ఒంగోలు ప్రాంతం కూడా చేరి ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఈ జిల్లాకు రెండు ముఖాలు. బెజవాడ ఆనకట్ట నీరు పారే తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాలు వరి పండించేవి. సత్తెనపల్లి, నరసరావుపేట, ఒంగోలు వైపు నల్లరేగడి మెట్టలలో పత్తి, మిరప, పొగాకు, జొన్న. అక్కడి పత్తికి వ్యాపారులు పెట్టిన పేరు ‘కోకనాడలు’. పండింది గుంటూరు, కృష్ణా మెట్టలలో, పేరు మాత్రం ఎగుమతి అయిన రేవుది! డెల్టా రైతు బియ్యం అమ్మి బతికేవాడు. మెట్ట రైతు పత్తి, మిరప అమ్మి తిండి గింజలు కొనేవాడు. మిరప కోతకు, పత్తి తీతకు వెళ్ళే కూలీల సంగతి చెప్పనక్కరలేదు. మిల్లు నూలు వచ్చి చేతి వృత్తి దెబ్బతిన్న దూదేకుల కుటుంబాలకు కూడా గింజ చౌకగా దొరకడమే బతుకు.

1929 తరువాత ప్రపంచమంతటా ధరలు కూలినప్పుడు ఈ రెండు ముఖాలూ ఎడమొగం పెడమొగం అయ్యాయి. ధాన్యం ధర పడిపోయింది, శిస్తు పడిపోలేదు. ఆచార్య రంగా వంటి రైతు నాయకులు ముందుకు వచ్చిన కాలమిది. చౌక బియ్యం బయటి నుండి దిగకుండా సుంకం వేయాలన్నది డెల్టాల కోరిక. 1935లో ప్రభుత్వం విదేశీ నూకల మీద సుంకం విధించింది. అది సయాం, ఇండో చైనా నుండి వచ్చే నూకలకే తగిలింది. అందరి కంటే ఎక్కువ బియ్యం పంపేది బర్మా. అది విదేశం కాదు, ఇండియాలోనే ఒక రాష్ట్రం. దాని బియ్యం మీద సుంకం ఎలా వేస్తారు? డెల్టా రైతు దృష్టిలో బర్మా వేరుపడితే మేలే. మెట్ట కూలీ దృష్టిలో కీడే. ఒకే జిల్లాలో ఒకే రేవు మీద రెండు న్యాయాలు నడిచాయి.

ఇక బర్మాలో నాయకుల సంగతి. 1930లో సైమన్ కమిషన్ బర్మాను వెంటనే వేరు చేయాలని సిఫారసు చేసింది. వేరుపాటు అంటే స్వాతంత్ర్యమని బర్మా వారు సంబరపడతారని దొరల అంచనా. జరిగింది వేరు. ఇండియాకు రాబోయే సంస్కరణలు తమకు దక్కకుండా చేసి, తమను ఒంటరి వలస రాజ్యంగా మిగిల్చే ఎత్తుగడ ఇదని చాలామంది అనుమానించారు. డాక్టర్ బా మా, ఊ చిట్ లైంగ్ వేర్పాటు వ్యతిరేకులకు నాయకులయ్యారు. సయా సాన్ రైతు తిరుగుబాటు కేసులో ముద్దాయిల పక్షాన వాదించి బా మా పేరు తెచ్చుకున్నాడు. అరకాన్ భిక్షువు ఊ ఒట్టమ వేర్పాటును ఎంతగా వ్యతిరేకించాడంటే, 1935లో ఆయన ఏకంగా హిందూ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. ఊ బా పే పక్షం వేర్పాటు కోరింది. ఇండియా కూలీలు, చెట్టియార్ల వడ్డీ, పరాయి వర్తకుల పెత్తనం తొలగితే బర్మా వాడికి చోటు దొరుకుతుందన్నది వారి వాదం. ఇది ఉత్త ద్వేషమని కొట్టివేయడం న్యాయం కాదు. దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాలలో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి ఆరు శాతం. 1938 నాటికి అది పాతిక శాతమైంది. ధరలు కూలి, అప్పు తీర్చలేక పొలం పోగొట్టుకున్న రైతు కంటికి ఎదురుగా కనిపించేది లండన్ కాదు, షావుకారు.

1932 జనవరిలో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ బర్మా వారి ముందు రెండు దారులు పెట్టాడు. వేరుపడండి, లేదా ఇండియా సమాఖ్యలో చేరండి, చేరితే మీ ఇష్టం వచ్చినప్పుడు బయటికి పోయే హక్కు ఉండదు. ఆ ఏడాది నవంబరులో ఎన్నికలు జరిగాయి. వేర్పాటు వ్యతిరేకులకు 42 స్థానాలు, వేర్పాటువాదులకు 29, తటస్థులకు 9 వచ్చాయి. తీర్పు స్పష్టంగానే ఉంది. అయితే గెలిచినవారు ఏమి చేశారు? ఇచ్చిన షరతుల మీద వేర్పాటు వద్దన్నారు. తలుపు మూసుకుపోయే సమాఖ్యా వద్దన్నారు. కావలసినప్పుడు విడిపోయే హక్కుతో చేరతామన్నారు. ఆ హక్కు ఇవ్వబోమని లండన్ ముందే చెప్పి ఉంది. ‘వద్దు’ అనడంలో ఏకమైన నాయకులు ‘కావాలి’ అనే దగ్గర చీలిపోయారు. వారు తేల్చలేదని పార్లమెంటు తేల్చింది. 1935 చట్టంతో వేర్పాటు ఖాయమైంది. ప్రజలు కాదన్న దానిని పాలకులు అవునని అమలు చేశారన్న మచ్చ ఆ రోజు నుండీ దానికి ఉంది. ఆ అవకాశం వారి చేతికి ఇచ్చింది మాత్రం గెలిచిన పక్షం తడబాటే.

ఇటీవలి కాలంలో ఆ బ్రిటనే ఐరోపా సంఘాన్ని వదిలింది. 2016 జూన్ 23న జనాభిప్రాయం అడిగితే 51.9 శాతం వెళ్ళిపోదామన్నారు. 2020 జనవరి 31న వెళ్ళిపోయారు. నడుమ మూడున్నరేళ్ళు ఏ షరతుల మీద వెళ్ళాలన్న తగాదాతోనే గడిచింది, ప్రధానులు మారారు. బర్మాను సమాఖ్యలో చేర్చుకుంటే విడిచిపెట్టేది లేదన్న దేశం, తాను చేరిన సంఘంలో విడిపోయే నిబంధనను వాడుకుంది.

1937లో రాజకీయపు గీత ఒక్క రోజులో పడింది గాని, వర్తకాన్ని అంత తేలికగా కోయలేకపోయారు. పాత పద్ధతిలోనే సరుకులు రాకపోకలు సాగేలా మూడేళ్ళ గడువుతో ఒక ఉత్తర్వు వచ్చింది. కారణం తెలిసిందే. బర్మా ఎగుమతులలో సగం ఇండియాకే. బియ్యం, కిరసనాయిలు, టేకు ఇటు వచ్చేవి. నూలు బట్టలు, బొగ్గు, గోనె సంచులు అటు పోయేవి. కలకత్తా గోనె లేకపోతే రంగం బియ్యం ఓడ ఎక్కదు. నాణెం విషయంలోనూ అంతే. 1935లో పుట్టిన మన రిజర్వు బ్యాంకే విడిపోయిన బర్మాకు కూడా నోట్లు వేసింది. ఇక అప్పుల పంపకం. ఎల్.ఎస్. అమెరీ అధ్యక్షతన కూర్చున్న సంఘం లెక్కకట్టిన ప్రకారం బర్మా ఇండియాకు బాకీ పడింది; అది సుమారు యాభై కోట్ల రూపాయలకు తేలింది. తమను జయించడానికి చేసిన యుద్ధాల ఖర్చు కూడా తమ మీదే పడిందని బర్మా వారు వాపోయారు.

వేర్పాటును వ్యతిరేకించిన బా మాయే వేరుపడిన బర్మాకు మొదటి ప్రధాని అయ్యాడు. 132 మంది సభ్యుల సభలో ఆయన పక్షానికి ఉన్నవి 16 స్థానాలు. అటువంటి ప్రభుత్వం ఏ గాలి వీచినా ఊగుతుంది. గాలి వీచింది 1938 జూలైలో. ఒక బర్మా ముస్లిం రాసిన మతవివాద గ్రంథం ఏనాడో 1931లో అచ్చయినది, మళ్ళీ అచ్చయింది. అందులో బుద్ధుని కించపరిచారని పత్రికలు ఎత్తుకున్నాయి. జూలై 26న ష్వేడగాన్ పగోడా వద్ద సభ జరిగింది, అక్కడి నుండి జనం సూరతీ బజారు వైపు సాగారు. తరువాత రంగూనులోనూ జిల్లాలలోనూ ముసల్మానుల ఇళ్ళు, దుకాణాలు, మసీదులు ధ్వంసమయ్యాయి. జేరబాదీలనూ వదలలేదు. విచారణ జరిపిన బ్రాండ్ సంఘం, పుస్తకం ఒక సాకు మాత్రమేనని తేల్చింది. భూమి పోయిన రైతు కడుపుమంట, ఇండియా వారి వలస మీద అక్కసు, మిశ్రమ వివాహాల మీద కోపం, వీటిని రగిలించిన పత్రికలు, ప్రభుత్వాన్ని పడగొట్టాలన్న రాజకీయం అసలు కారణాలని రాసింది. 1930 మేలో రంగూన్ రేవులో చచ్చినవారు వంద మందికి పైగా. అప్పుడు దెబ్బ తిన్నవారు తెలుగు రేవు కూలీలు. వారు సమ్మె చేయగా ఓడల యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే వారిని తీసివేశారు. కొట్లాట మొదలైంది. అప్పుడు మతం మాట లేదు. ఎనిమిదేళ్ళు గడిచేసరికి అదే మంటకు మతం పేరు పెట్టారు.

బా మా ప్రభుత్వం 1939 ఫిబ్రవరిలో పడిపోయింది. 1940లో ఊ సా ప్రధాని అయ్యాడు. 1941 ఏప్రిల్ నుండి కొత్త వర్తక ఒప్పందం వచ్చి, ఇండియా సరుకు మీద కూడా బర్మా సుంకం వేసుకోగల స్థితి ఏర్పడింది. ఆ వేసవిలోనే వలసలను అదుపు చేసే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వలసల మీద విచారణ జరిపిన జేమ్స్ బాక్స్టర్, ఇండియా కూలీ బర్మా కూలీని పనిలో నుండి నెట్టివేశాడనడానికి ఆధారం కనబడలేదని రాశాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒప్పందాన్ని గాంధీజీ గట్టిగా ఖండించారు. అమలు కాకముందే 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు కూలీలు, దుకాణదారులు, గుమాస్తాలు నాలుగైదు లక్షల మంది అడవుల వెంట, కొండల వెంట అరకాన్, మణిపూర్ దారుల్లో కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియాలతో వేలాది మంది దారిలోనే పోయారు.

1942 మార్చిలో రంగూను పడిపోయింది. బియ్యం ఓడలు ఆగిపోయాయి. ఏ బియ్యం మీద సుంకం వేయాలని పదేళ్ళు కోరారో, ఆ బియ్యం ఇక రాలేదు. గింజ ధర ఆకాశానికి అంటింది. బెంగాలులో 1943 కరువుకు అదొక్కటే కారణం కాకపోయినా కారణాలలో అదొకటి. డెల్టాలో ధాన్యం ఉన్నవారు కళ్ళ చూశారు. పత్తి పొలంలో కూలి చేసే వాడికి, ఏకుడు బద్ద పట్టుకుని ఊరూరా తిరిగే దూదేకులకు కూలి అంత వేగంగా పెరగలేదు.

మాండలేకు చెందిన అబ్దుల్ రజాక్ తండ్రి ఇండియా ముస్లిం, తల్లి బర్మా స్త్రీ. ఆయన పాఠశాల అధ్యాపకుడు. ముసల్మానులు బర్మా జాతీయోద్యమంలో కలిసి నడవాలన్నది ఆయన పట్టుదల. ఆంగ్ సాన్ మంత్రివర్గంలో విద్యా మంత్రి అయ్యాడు. 1947 జూలై 19న ఆంగ్ సాన్‌తో పాటు ఆయననూ కాల్చి చంపారు. ఆ హత్యలు చేయించినందుకు ఉరికంబం ఎక్కింది 1941లో వలస ఒప్పందం చేసుకున్న ఊ సాయే.

పాత బాకీ సంగతి 1954లో తేలింది. ఇండియా బర్మా బియ్యం కొనే ఒప్పందంతో ముడిపెట్టి దానిని పరిష్కరించుకున్నారు. పదేళ్ళ తరువాత, 1964లో, నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి, పెద్ద నోట్లను రద్దు చేసింది. మిగిలి ఉన్న ఇండియా వారిలో చాలామంది మళ్ళీ ఓడ ఎక్కారు. అలా వచ్చిన తెలుగువారు దిగి నిలదొక్కుకున్న పేట విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర ఉంది. దానిని ఊరివారు బర్మా క్యాంపు అంటారు.